కొలత తీయకుండా కోసిన నీలం చీటీ

నీలం చీటీ నా బుర్రలో పుట్టిందే. డాక్టరుగారి మీదికో, పై ఆఫీసు మీదికో నెట్టేసి తప్పించుకోవచ్చు. సర్కారు కొలువులో తల నెరిసినదాన్ని, ఆ విద్య నాకూ వచ్చు. కానీ రిటైరయ్యాక కూడా అబద్ధాలు ఆడాల్సిన ఖర్మ ఏమిటి? ఇప్పుడిప్పుడే డ్యూటీలో చేరుతున్న మీలో నలుగురైనా చదువుతారని ఇది రాస్తున్నాను. మంచి చేస్తున్నామన్న ధీమాతో చేసిన తప్పు ఎలా ఉంటుందో మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

నేను స్టాఫ్ నర్సుని. మాది మధిర వైపు. చివరి తొమ్మిదేళ్లూ పనిచేసింది మాత్రం ఖమ్మం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఓ చిన్న దవాఖానాలో. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఇందులో వాళ్లెవరూ సిగ్గుపడాల్సిన పని చేయలేదు. ఆ పని చేసింది నేను.

నెలలో నాలుగో బుధవారం ఖమ్మం నుంచి మానసిక వైద్యుడు వచ్చేవాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఆయనకు వేరే గది ఉండేది కానీ వేరే వరస ఉండేది కాదు. వరండాలో అందరిదీ ఒకటే వరస. జ్వరాలు, షుగర్లు, కడుపుతో ఉన్నవాళ్లు, కుక్క కరిచినవాళ్లు, అందరూ అక్కడే. మధ్యాహ్నం రెండు దాటితే డాక్టరు జీపు ఎక్కేవాడు, ఎందుకంటే సాయంత్రం ఇంకో చోట క్లినిక్కు.

ఒక బుధవారం అడవి లోపలి ఊరి నుంచి ఒక తల్లి ఎదిగిన కొడుకుని తీసుకొచ్చింది. కొంత దూరం నడిచి, కొంత దూరం ఆటోలో. ఆ అబ్బాయి ఒకచోట నిలబడలేడు. గేటు దాకా వెళ్లిపోతాడు, ఆమె పరుగెత్తి పట్టుకొస్తుంది. వచ్చేసరికి వరసలో ఆమె చోటు పోయేది. "ఎనక్కి పో, ఎనక్కి పో" అని అందరూ తోసేవారు. అలా నాలుగుసార్లు వెనక్కి పోయి, ఆఖరికి గది దగ్గరికి చేరేసరికి జీపు గేటు దాటింది. ఆమె నన్ను తిట్టలేదు. "మల్ల నెలకా?" అని మాత్రం అడిగింది. 

మర్నాడే స్టోరు గది వెతికాను. ఏదో పాత కార్యక్రమానికి తెప్పించి మిగిలిపోయిన నీలం అట్టలు దొరికాయి. కూర్చుని కత్తెరతో జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు చొప్పున ముక్కలు కోశాను. మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చేవాళ్ల చేతికి తలా ఒకటి. నీలం చీటీ ఉంటే వరస లేదు, సూటిగా లోపలికే. గుమ్మం దగ్గర ఉండే ఆయమ్మకు చూపు కాస్త తక్కువ, దూరం నుంచే కనబడాలని అంత పెద్దగా కోశాను. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పని చేసింది. తర్వాతి నెల ఆ తల్లీకొడుకులు పావుగంటలో మందులు తీసుకుని వెళ్లిపోయారు. డాక్టరు మెచ్చుకున్నాడు. జిల్లా మీటింగులో మా దవాఖానా పేరు చెప్పి చప్పట్లు కొట్టారట. నేను ఏనుగు ఎక్కినంత సంబరపడ్డాను. ఎక్కినప్పుడు కింద ఎవరు నలుగుతున్నారో కనబడదు.

ఇప్పుడు టైలరు దగ్గరికి వస్తాను.

బస్టాండు పక్క సందులో ఆమె దుకాణం. తండ్రి దర్జీ, ఆయన పోయాక ఆయన మిషనూ, ఆయన కత్తెరా ఈమెకు వచ్చాయి. నిఖా కాలేదు. ఊరు ఆమెను 'మిషనామె' అనేది. ఆ ఊరి ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమె కుట్టినవే, నావీ అంతే. చేతి పని అద్భుతం, నోరు అంతకంటే. "సిస్టరమ్మా, మీరు పోయిన్సారి కంటే రెండు వేళ్లు పెరిగిండ్రు, సూదులు వేసుడు తప్ప నడుసుడు లేదా?" అనేది కొలత తీస్తూ. కుట్టు లోపల ఎప్పుడూ కాస్త గుడ్డ ఎక్కువ వదిలేది. ఎందుకంటే, "మనిషి ఒక్క కొలత మీద ఉండదు గద" అనేది.

ఒకరోజు హుక్కుల కోసం ఆమె దారాల డబ్బా తెరిస్తే, రీళ్ల కింద ఒక మందుల అట్ట కనబడింది. నర్సు కన్ను ఊరుకోదు కదా. ఏ జబ్బుకు ఇస్తారో తెలిసిన మాత్ర. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది. తలుపు దగ్గరికి వేసి మొత్తం చెప్పింది. ఇరవై దాటిన కొత్తలో మిషను చప్పుడులోంచి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించేవట. ఎవరెవరో చెప్పిన చోటికల్లా తిప్పి, తాయెత్తులు కట్టి, ఆఖరికి ఖమ్మం తీసుకెళ్లారట. స్కిజోఫ్రీనియా. పదకొండేళ్లుగా మాత్ర మానలేదు. నెలకోసారి లైనింగు గుడ్డా దారాలూ తెచ్చే వంకతో ఖమ్మం వెళ్లి మందులు తెచ్చుకుంటుంది. అన్నకు, వదినకు తప్ప ఊర్లో ఎవరికీ తెలియదు.

"ఇంత దూరం ఎందుకమ్మా బస్సుల్లో వేలాడటం? అవే మందులు మా దగ్గర నాలుగో బుధవారం ఇస్తున్నాం కదా" అన్నాను.

"ఆడ నన్నెవ్వరు గుర్తువట్టరు సిస్టరమ్మా. ఈడ వరండల నిలవడే ప్రతి ఆడమనిషి జాకెట్ నేనే కుడ్త."

"నువ్వు నిలబడే పనే లేదు. నేను లేనూ? ఒక్క నిమిషంలో లోపలికి పంపిస్తా."

మూడు నెలలు బతిమాలాను. నిజం చెప్పాలంటే, ఆమె సౌకర్యం కోసం ఎంత బతిమాలానో, నా నీలం చీటీ గొప్పతనం చూపించుకోవడానికీ అంతే బతిమాలాను. చివరికి ఒక బుధవారం తల మీద దుపట్టా సర్దుకుంటూ వచ్చింది. వరండా కిక్కిరిసి ఉంది. నేను ఎదురెళ్లి నీలం చీటీ చేతిలో పెట్టి, "రా అమ్మా, నువ్వు ముందుకు రా" అన్నాను. నా గొంతు పుట్టుకతోనే పెద్దది.

వరండా మొత్తం తల తిప్పింది. "ఓయమ్మా, మిషనామెకు గుడనా?" అని ఎవరో అన్నారు. ఆమె ఆ చీటీ పట్టుకుని, తాను కుట్టిన జాకెట్ల మధ్య నుంచి గుమ్మం దాకా నడిచింది. పది అడుగులు ఉంటుందేమో. నేను మందులు కట్టిచ్చి, "చూశావా, ఎంత తొందరగా అయిపోయిందో!" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

మూడు వారాల తర్వాత ఆయమ్మ చెవిలో ఊదింది. "సిస్టరమ్మా, మిషనామె దుకాణం బంద్ వెడ్తున్నరంట. పెండ్లి బట్టలిచ్చినోళ్లు గుడ్డ ముక్కతోటి సహా వాపస్ తీసుకపోయిండ్రు. పెండ్లిపిల్ల బట్టకు పిచ్చిదాని చెయ్యేందని."

డ్యూటీ దిగగానే వెళ్లాను. మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆమె అన్న అక్కడే ఉన్నాడు. ఇనుప సామాన్ల వ్యాపారి, మంచివాడు. మంచివాడని ఎందుకు అంటున్నానంటే, మంచివాళ్లే ఈ పనులు చేస్తారు కాబట్టి.

"మేడం, మా చెల్లె ఇగ ఇంట్ల కూసుంటది. దేనికి తక్కువ చెయ్యం. ఈ జాగ సెల్‌ఫోన్లోళ్లు కిరాయికి అడుగుతున్నరు. వచ్చే నెల ఇచ్చేస్త" అన్నాడు. నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆమె ఆగింది. "దేనికి తక్కువ చెయ్యరంట. మిషనొక్కటి ఉండదు. పొద్దున లేస్తె నేనెవరో నాకెట్ల ఎరుక?" అంది.

నేను క్షమించమన్నాను. ఆమె వినిపించుకోలేదు. దారాల డబ్బాలోంచి నీలం చీటీ తీసి బల్ల మీద పెట్టి, మెడలో టేపు తీసి కొలిచింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి.

"జానెడున్నది మీ చీటి. జాకెట్ల వెట్టుకుందమంటె వట్టదు. చేతి పర్సుల వట్టదు. మగోళ్ల అంగి జేబుల సగం బయటికే. మడిస్తె ఇరుగుతది. అందుకే అందరు చేతుల వట్టుకొని నడుస్తరు, బస్టాండు దాక ఊరంత చూస్తది. మీరు కొలత తియ్యకుండ కోసిండ్రు సిస్టరమ్మా."

ముప్పై ఏళ్ల నా ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. తాగి తిట్టారు, శవం పక్కన నిలబడి తిట్టారు. ఏదీ ఇంత సూటిగా తగల్లేదు.

"నీకు చిన్నది, తెల్లది వేరే చేసిస్తా. ఎవరికీ తెలియకుండా" అన్నాను.

"నా ఒక్కదానికా? మరి కడమోళ్లకు?" ఆమె గొంతు పెరిగింది. "నాకు దాసుకునే చీటి వద్దు, చూపిచ్చుకునే చీటి వద్దు. షుగరోళ్లకు ఏదిస్తరో గదే ఇయ్యిండ్రి."

ఇక్కడ నా రెండో తప్పు రాయాలి, అది మొదటిదానికంటే నీచం. వచ్చే నాలుగో బుధవారం జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడు, నీలం చీటీ పద్ధతి చూసి అన్ని దవాఖానాలకూ పెట్టాలని. "ఆ ఒక్క రోజు కానీయమ్మా, తర్వాత చూద్దాం" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, కొలత తీసినట్టే. "గట్లనా? అయితె బుధారం నేను గుడ వస్త" అంది.

ఆ బుధవారం వరండా కడిగించాం. ఆఫీసరుకు కుర్చీ, నీళ్ల సీసా. నీలం చీటీల వాళ్లను ముందు బల్ల మీద వరసగా కూర్చోబెట్టాం, చూడటానికి బాగుంటుందని. అడవి ఊరి తల్లీకొడుకులు కూడా అందులోనే ఉన్నారు. తొమ్మిది గంటలకు మిషనామె వచ్చింది. బల్ల వైపు రాలేదు. మామూలు వరస చివర నిలబడింది.

నేను దగ్గరికెళ్లి, "లోపలికి రామ్మా" అన్నాను, ఈసారి గొంతు తగ్గించి. ఆమె మాత్రం తగ్గించలేదు. "నా వంతు రానియ్యిండ్రి."

ఆమె ముందున్నావిడ మూరెడు ముందుకు జరిగింది. ఆవిడ షుగరు పేషెంటు. పెళ్లి బట్టలు వాపసు తీసుకెళ్లింది ఆవిడే, పెళ్లికూతురి మేనత్త. ఆవిడను చూసి ఇంకో ఇద్దరు జరిగారు. మిషనామె చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఇప్పుడు ఏడుస్తుంది, లేదా పరుగెత్తి వెళ్లిపోతుంది అనుకున్నాను.

ఆమె ఆ ఖాళీలో నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏందక్కా గంత దూరం జరిగినవ్? నా చెయ్యి పడ్డ బట్ట పెండ్లికి పనికిరాదన్నవంట. మరి నీ ఒంటి మీదున్న జాకెట్ ఎవరు కుట్టిండ్రు?"

ఆవిడ కొంగు లాక్కుంది.

"కప్పుకుంటె పోతదా? ఈపు మీద ఆ కుట్టు నాది, నాకెరుక. ఓ ఆకుపచ్చ చీరామె, నీది గుడ నాదే. ఆ గోడకాడ ముసలమ్మది నాదే. ఇగో ఈమెది నాదే. ఇవన్ని కుట్టినప్పుడు గుడ నేను ఈ గోలీ మింగుతనే ఉన్న. పదకొండేండ్ల సంది. అప్పుడు సక్కగ సరిపోయినయ్ గద? ఇయ్యాల చీటి చూడంగనే చంకల గుంజుతున్నయా? గుంజితె ఇప్పి ఇచ్చేయిండ్రి, ఈడనే!"

గోడ దగ్గరి ముసలమ్మ పకపకా నవ్వింది. "ఇప్పి ఇస్తె ఇంటికెట్ల పోతమే?" అంది. దాంతో నలుగురు నవ్వారు. అందరూ కాదు. మేనత్త నవ్వలేదు.

"నవ్వుండ్రి. మీరు షుగర్ గోలీకి నిలవడ్డరు, నేను నా గోలీకి నిలవడ్డ. నా జబ్బు నాకున్నది, నా పని నాకున్నది. ఒకటి చూసి రెండోది గుంజుకుంటమంటె ఊకునేది లేదు" అంది.

అప్పుడు ముందు బల్ల మీదున్న అడవి ఊరి తల్లి లేచింది. కొడుకు చెయ్యి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి నీలం చీటీ పెట్టేసింది. "మా ఊర్ల గుడ మా ఇంటిని నీలం చీటోళ్లిల్లు అంటాండ్రు. వాడు మంచాలు అల్లుతడు. మునుపు మంచాలల్లేటోని ఇల్లు అనేటోళ్లు" అంది. ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"కానీ వాడు వరసలో నిలబడలేడు కదమ్మా" అన్నాను. నా కష్టం అది ఒక్కటే, నిజంగా.

జవాబు వరసలోంచి మిషనామె ఇచ్చింది. "యూరియా బస్తాలకాడ మనుషులే నిలవడ్తున్నరా సిస్టరమ్మా? చెప్పులు వెట్టి చెట్టు కింద కూసుంటలేరా? అవ్వా, పిల్లగాని చెప్పులు ఈడ నా ముంగట వెట్టు. జరుపుకుంట నేను తీసుకపోత."

మా దగ్గర ఎరువుల గోదాము ముందు ఎప్పుడు చూసినా మనుషులకంటే చెప్పులే ఎక్కువ ఉంటాయి. చెప్పుల వంతును ఎవరూ కాదనరు, అది ఊరి మర్యాద. ఆ మర్యాద నాకూ తెలుసు. స్టోరు గదిలో కూర్చుని అట్టలు కోసే బదులు ఒకసారి గోదాము వైపు చూసి ఉంటే సరిపోయేది. ఆ అబ్బాయి రబ్బరు చెప్పులు మిషనామె ముందు వరసలో నిలబడ్డాయి. అతను వేప చెట్టు కింద తల్లి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఒక గర్భిణి కూడా తన చెప్పులు విడిచి వెళ్లి నీడలో కూర్చుంది. ఆ తర్వాత మోకాళ్ల నొప్పుల ముసలాయన. ముందు బల్ల మీది మిగతావాళ్లూ ఒక్కొక్కరే నీలం చీటీలు నా చేతికిచ్చి వరసలో కలిశారు.

పదిన్నరకు ఆఫీసరు దిగాడు. "నీలం చీటీల వరస ఏదమ్మా?" అన్నాడు. నా చేతిలో ఆ కట్ట ఉంది. ఇరవై అడుగుల దూరంలో మిషనామె నన్నే చూస్తోంది.

"తీసేశాం సార్."

"ఎవరి ఆర్డరు మీద?"

"పెట్టింది నా సొంత తెలివి సార్. తీసిందీ నా సొంత తెలివే."

రెండోది పచ్చి అబద్ధం. ఆ తెలివి నాది కాదు, దర్జీ దుకాణానిది. కానీ ఆమె మీదికి ఆయన చూపు పోకూడదని అలా అన్నాను. ఆయన కుర్చీలో కూర్చోకుండానే డాక్టరు గదిలోకి వెళ్లాడు. ఆ కుర్ర డాక్టరు ఏమన్నాడో నాకు వినబడలేదు. కానీ బయటికొచ్చి, "వరస ప్రకారమే చూస్తాను, జీపు ఆగుతుంది" అని మాత్రం అందరికీ వినబడేలా చెప్పాడు. ఆ రోజు జీపు నాలుగింటిదాకా ఆగింది. రబ్బరు చెప్పుల వంతు పన్నెండింటికి వచ్చింది. దాని వెనకే టైలరుది.

నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా పద్ధతి ఎందుకు మార్చారో వివరణ ఇవ్వమని. పెట్టినప్పుడు కూడా అనుమతి లేదు, అప్పుడు చప్పట్లు కొట్టారు. 'కొలత తీయకుండా కోశాను. సరిచేశాను' అని రెండు ముక్కలు రాసి పంపాను. మళ్లీ ఎవరూ అడగలేదు. అర్థం కాక ఊరుకున్నారేమో.

ఆ మర్నాటి నుంచి ఊరంతా మారిపోయిందని మీరు అనుకుంటే, మీరింకా ఏ ఊర్లోనూ డ్యూటీ చేయలేదన్నమాట. పెళ్లి బట్టలు తిరిగి రాలేదు. సగం మంది ఆడవాళ్లు వచ్చారు, అదీ ఒక్కొక్కరుగా, మధ్యాహ్నం సందు ఖాళీగా ఉన్నప్పుడు. ఆమె వాళ్లను ఒక్క మాటా అనలేదు, చంకలో కాస్త బిగువుగా కుట్టిందేమో నాకు తెలియదు. వరండాలో జరిగింది అన్న చెవిన పడింది. ఆయన వచ్చి చాలాసేపు దుకాణం ముందు నిలబడి, సెల్‌ఫోన్ల వాళ్లకు సగం జాగాయే ఇచ్చాడు. మధ్యలో చెక్క అడ్డం కొట్టించాడు. అటు పాటలు, ఇటు మిషను.

ఇంకోటి. ఆమెకు మళ్లీ ఎప్పుడూ జబ్బు తిరగబెట్టలేదని నేను చెప్తానని ఎదురు చూస్తున్నారు కదూ? తిరగబెట్టింది. రెండేళ్ల తర్వాత మిషను చప్పుడులోంచి మళ్లీ మాటలు వచ్చాయి. నెలకు పైగా ఖమ్మంలో ఉంది. తిరిగొచ్చిన రోజు తలుపు తీసి, దుమ్ము తుడిచి, మిషనుకు నూనె వేసింది. "చూశారా, అన్నామా కాదా" అన్నవాళ్లు ఉన్నారు. షుగరు పెరిగి మేనత్త కూడా అదే ఏడాది ఆస్పత్రిలో పడింది. ఆవిడను ఎవరూ అలా అనలేదు. పూర్తిగా నయమైతేనే మనిషిగా చూస్తామనేవాళ్లతో నాకు ఇప్పటికీ పడదు. మీకూ పడకూడదు.

దవాఖానాలో ఇప్పుడు అందరికీ ఒకటే, షుగరువాళ్లకిచ్చే తెల్ల పుస్తకం. నిలబడలేనివాళ్ల చెప్పులు నిలబడతాయి. ఎందుకు నిలబడలేరని ఎవరూ అడగరు.

నేను రిటైరైన రోజు కట్టుకోవడానికి చీర కొని జాకెట్ గుడ్డ ఆమెకే ఇచ్చాను. కొలతలు తీసి, "ఈసారి మూడు వేళ్లు" అని వెక్కిరించింది. తర్వాత గుడ్డ పరిచి, మెడ గుర్తు పెట్టడానికి బల్ల కిందినుంచి ఒక అట్టముక్క తీసింది. ఒక పక్క చంద్రవంకలా కోసిన గట్టి అట్ట, అంచుల నిండా సుద్ద మరకలు. దాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో చుట్టూ గీసింది. ఆ నీలం రంగు నాకు తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఆ బుధారం నుంచే. గట్టి అట్ట, పారెయ్య బుద్ధిగాలె. ఊర్ల ఆడోళ్లందరి మెడలు దీనితోటే కోస్తున్న. పెండ్లిపిల్ల మేనత్తది గుడ." ఆమె నవ్వలేదు, కత్తెర అందుకుంది. "జేబుకు పెద్దగైంది గని, మెడకు సరిపోయింది సిస్టరమ్మా."

ఇది రాయనా అని ఆమెను అడిగే రాశాను. "రాయుండ్రి, గని కొలత చూసి రాయుండ్రి" అంది. చూసే రాశాననుకుంటున్నాను. ఆ జాకెట్ ఈమధ్య నాకు బిగుతైంది. లోపల గుడ్డ వదిలే ఉంచింది కనుక, విప్పించుకోవడానికి వచ్చే బుధవారం వెళ్తున్నాను.